'కిట్' అని బిల్లు, మార్చింది బెల్టు: ఒక కారు రిపేరు కేసు

"టైమింగ్ బెల్ట్ కిట్ – 1 – 11,200." బిల్లులో మొదటి వరుస ఇది. దాని కింద వాటర్ పంపు 3,400, లేబర్ 4,000. జీఎస్టీతో కలిపి మొత్తం 18,600 రూపాయలు. షెడ్డు పేరు, ముద్ర, సంతకం, తేదీ, బండి నంబరు, కిలోమీటర్ల రీడింగు 94,010, అన్నీ ఉన్నాయి. రిపేరు కేసుల్లో లాయర్లమైన మా టేబుల్ మీదకి ఇంత శుభ్రమైన బిల్లు రావడం అరుదు. సాధారణంగా వచ్చేది చిట్టా పుస్తకంలోంచి చింపిన కాగితం, దాని మీద "ఇంజన్ పని 20,000" అన్న ఒక్క లైను. ఆ లైను పట్టుకుని ఏం మార్చారో, ఏం మార్చలేదో నిరూపించడం దాదాపు అసాధ్యం.

ఈ బిల్లులో 'బెల్ట్' అని కాకుండా 'బెల్ట్ కిట్' అని రాశారు. కేసు మొత్తం ఆ చిన్న మాట మీద నడిచింది. కక్షిదారు పేరు, షెడ్డు పేరు చెప్పను. ఆయన్ని మాస్టారు అంటాను, ఎందుకంటే ఆయన నిజంగా హైస్కూలు మాస్టారే, రిటైరయ్యారు.

మాస్టారిది 2015 మోడల్ డీజిల్ కారు. కొన్నప్పటి నుంచి ఆయన చేతిలోనే ఉంది. టైమింగ్ బెల్టు మార్చాల్సిన గడువు దగ్గరపడిందని కారుతో వచ్చిన పుస్తకంలో చూసి, 2024 జూన్‌లో బండిని విజయవాడలో ఒక మల్టీ బ్రాండ్ షెడ్డుకి తీసుకెళ్లారు. మూడు రోజులు ఉంచుకున్నారు. బండి తీసుకునేటప్పుడు "పాత సామాను ఇవ్వండి" అని అడిగారు. పాత బెల్టు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. మిగతావి ఏవని అడిగితే, "పాత ఇనుప సామాను అతను పొద్దున్నే తీసుకుపోయాడు మాస్టారూ" అన్నారు. ఆయన నమ్మారు. నమ్మకపోవడానికి కారణం కూడా లేదు.

కిట్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. టైమింగ్ బెల్టు ఇంజన్ కింది భాగంలో పిస్టన్లకి కలిసి ఉండే క్రాంక్‌ని, పై భాగంలో వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌ని ఒకదానికొకటి లెక్క తప్పకుండా తిప్పుతుంది. బెల్టు బిగువుగా ఉండటానికి టెన్షనర్, దారి తప్పకుండా ఉండటానికి ఐడ్లర్ పుల్లీ ఉంటాయి. ఈ మూడూ కలిపి అమ్మేదాన్నే కిట్ అంటారు. పుల్లీల లోపల బేరింగులు ఉంటాయి. బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అవీ అన్నే తిరిగాయి కాబట్టి, బెల్టుతో పాటు వాటినీ మార్చాలి. పాత పుల్లీ మీద కొత్త బెల్టు వేస్తే బండి వెంటనే ఆగదు. స్టార్టవుతుంది, టెస్ట్ డ్రైవ్‌లో హాయిగా నడుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇలాంటి ఇంజన్లలో లెక్క తప్పితే వాల్వులు కిందికి దిగిన సమయానికి పిస్టన్ పైకొచ్చి వాటిని కొడుతుంది. వాల్వులు వంగిపోతాయి. ఒక్కోసారి పిస్టన్ తలకి గుంటలు పడతాయి. రెండు మూడు వేల ఖరీదు చేసే పుల్లీ పోతే లక్ష రూపాయల పని పడుతుంది.

భీమడోలు దగ్గర

ఆగస్టులో మనవడి పుట్టు వెంట్రుకలు తీయించడానికి కుటుంబం అంతా ద్వారకా తిరుమల బయలుదేరారు. ఏలూరు దాటి భీమడోలు దగ్గరికి వస్తుండగా ముందు నుంచి ఒక చప్పుడు వినిపించింది, ఇంజన్ ఆగిపోయింది. హైవే మీద వెనక లారీలు వస్తున్నాయి, స్టీరింగ్ బరువెక్కింది. మాస్టారు ఎలాగో మార్జిన్ మీదకి దించారు. సెల్ఫ్ కొడితే ఇంజన్ మామూలు కన్నా తేలిగ్గా తిరుగుతోంది, పట్టుకోవడం లేదు. రీడింగు 96,730. అంటే బెల్టు మార్చాక నడిచింది 2,720 కిలోమీటర్లు.

రికవరీ వ్యాను 4,500 తీసుకుని ఏలూరులో ఒక షెడ్డుకి చేర్చింది. అక్కడి మేస్త్రీ పై కవరు విప్పి టార్చి వేసి చూసి, "బెల్టు పక్కకి జారి పళ్లు ఊడిపోయాయి. వాల్వులు పోయుంటాయి. హెడ్డు దించాలి" అన్నాడు. హెడ్డంటే వాల్వులు ఉండే ఇంజన్ పై భాగం. ఆయన చేతిలో అప్పటికే స్పానర్ ఉంది.

మాస్టారి పాత శిష్యుడొకడు నా దగ్గర జూనియర్. రాత్రి తొమ్మిదింటికి అతని ద్వారా నాకు ఫోన్ కలిపారు. నేను చెప్పింది ఒకటే: "మాస్టారూ, ఇంకొక్క బోల్టు కూడా విప్పనివ్వకండి."

అలా అనడం వెనక ఒక ఓటమి ఉంది. అంతకు ముందు నేను వాదించిన ఒక కేసులో కక్షిదారు నా దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ రెండోసారి విప్పి, సామాను మార్చి, పాతవి పారేసి, బండి నడుపుకుంటూ వచ్చాడు. రెండో మెకానిక్ రాసిచ్చిన కాగితం ఒక్కటే సాక్ష్యం. ఎదుటి పక్షం "మేం సరిగ్గానే చేశాం, మధ్యలో చెయ్యి పెట్టింది ఈయనే" అంది. జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సేవలో లోపం ఉందని నిరూపించే బాధ్యత ఫిర్యాదు చేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు 1999లో రవ్‌నీత్ సింగ్ బగ్గా కేసులో చెప్పింది, 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మళ్లీ చెప్పింది. బండి ఆగిపోయిందంటే మెకానిక్ తప్పు చేసినట్టే అని ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఏ వినియోగదారుల కమిషనూ అనుకోదు. ఎందుకు ఆగిందో మనమే చూపించాలి. అది చూపించగలిగేది ఇంజన్ రెండోసారి తెరుచుకునే ఆ ఒక్క పూటే.

పదకొండు రోజులు

మర్నాడు పొద్దున్నే చేసిన మొదటి పని, విజయవాడ షెడ్డు యజమానికి మాస్టారి చేత వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించడం. బండి ఎక్కడ ఆగింది, రీడింగు ఎంత, ఇప్పుడు ఎక్కడుంది, మీరు వచ్చి చూడండి. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. మాస్టారు కోపంలో రాసిన మొదటి డ్రాఫ్టులో రెండూ ఉన్నాయి, తీసేయించాను.

గంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. దాని సారాంశం ఇది: "మాస్టారూ, పుల్లీలు బాగానే తిరుగుతున్నాయని మా కుర్రాడు అవే ఉంచాడంట. బండి మా దగ్గరికి తెచ్చేయండి. స్పేర్లు మీరు పెట్టుకోండి, లేబర్ నేను చూసుకుంటా."

ఆయన మంచితనంతోనే అన్నాడని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ మొదటి వాక్యం ఆయన బిల్లునే కాదనేసింది. మార్చనిదానికి డబ్బు తీసుకున్నానని తన గొంతుతోనే చెప్పాడు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. బండిని అదే షెడ్డుకి తీసుకెళ్లాలా, వద్దా? తీసుకెళ్తే సాక్ష్యం వాళ్ల చేతికి వెళ్తుంది. తీసుకెళ్లకపోతే రేపు "మాకు సరిచేసే అవకాశమే ఇవ్వలేదు" అంటారు. మేం మధ్య దారి పట్టాం. బండి ఏలూరులోనే ఉంటుంది, ఫలానా తేదీన ఉదయం 11 గంటలకి ఇంజన్ విప్పిస్తున్నాం, మీరు గానీ మీ మనిషి గానీ వచ్చి దగ్గరుండి చూడండి, కావాలంటే మీ తరఫున ఇంజనీరుని తెచ్చుకోండి అని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం, అదే కాపీ వాట్సాప్‌లోనూ పెట్టాం. వినియోగదారుల ఫిర్యాదుకి ముందు లాయర్ నోటీసు ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఇలాంటి కేసులో నోటీసు మన చేతిలో ఉండే సగం సాక్ష్యం.

రెండో పని, బీమా సర్వేయర్ని మాట్లాడటం. బీమా నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్లు ప్రతి పట్టణంలోనూ ఉంటారు. 4,000 ఫీజుకి ఒకాయన ఒప్పుకున్నాడు. బీమా కంపెనీ ఈ నష్టం ఇవ్వదా అని మాస్టారు అడిగారు. ఇవ్వదు. ప్రమాదం జరగకుండా యంత్రం దానంతటది పాడైతే మామూలు మోటారు పాలసీ వర్తించదు.

ఈలోగా ఏలూరు మేస్త్రీ విసుక్కోవడం మొదలుపెట్టాడు. షెడ్డులో చోటు లేదు, ఈ బండి అడ్డంగా ఉంది, రోజుకి 150 ఇవ్వమన్నాడు. ఇచ్చాం. ఆ డబ్బుకి రసీదు అడగడం మర్చిపోయాం, తర్వాత అదీ పోయింది.

పదకొండో రోజున ఇంజన్ విప్పారు. విజయవాడ నుంచి యజమాని రాలేదు. ఒక కుర్రాడు బైకు మీద వచ్చి, పక్కన నిలబడి, తన ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకుని, సంతకం పెట్టమంటే పెట్టకుండా వెళ్లిపోయాడు. అతను వచ్చిన సమయం, వెళ్లిన సమయం సర్వేయర్ తన రిపోర్టులో రాశాడు. మేం మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీశాం. అందులో ఆ కుర్రాడూ ఉన్నాడు.

లోపల కనబడింది ఇది. బెల్టు కొత్తదే, దాని మీది అక్షరాలు కూడా చెరగలేదు. కానీ ఒక వైపు అంచు మాత్రమే పీచు పీచుగా లేచిపోయింది, ఒక చోట వరసగా పళ్లు ఊడిపోయాయి. టెన్షనర్ బేరింగు చేత్తో ఊపితే ఊగుతోంది. ఐడ్లర్ తిప్పితే గరగరలాడుతోంది. హెడ్డు దించితే వాల్వులు వంగి ఉన్నాయి. టెన్షనర్ తీసి గుడ్డతో తుడిచినప్పుడు దాని లోహం మీద అచ్చు వేసిన తయారీ సంవత్సరం బయటపడింది: 2015. బండి తయారైన సంవత్సరమూ అదే. 2024లో కొత్తగా వేశామని డబ్బు తీసుకున్న టెన్షనర్ తొమ్మిదేళ్ల పాతది. ఎవరూ ఏమీ అనలేదు. ఏలూరు మేస్త్రీ మాత్రం, "ఇంత పని చేసి ఇది మార్చకుండా ఎట్టా వదిలేశాడు" అని తనలో తాను అనుకున్నాడు. వీడియోలో అదీ రికార్డయింది.

వాటర్ పంపు మాత్రం కొత్తదే. సర్వేయర్ చేత ఆ విషయం కూడా రాయించాను. నా జూనియర్‌కి ఇది నచ్చలేదు. "మనకి వ్యతిరేకంగా ఉన్నది మనమే ఎందుకు చెప్పాలి సార్?" అన్నాడు. వాళ్లు నిజంగా మార్చినదాన్ని మార్చారని చెప్పే రిపోర్టునే, మార్చనిదాన్ని మార్చలేదని చెప్పినప్పుడు కమిషన్ నమ్ముతుంది. చివరికి ఆర్డర్లో ఈ వాక్యాన్నే ఎత్తి రాశారు.

పాత టెన్షనర్, ఐడ్లర్, బెల్టు, వంగిన వాల్వులు అన్నీ గుడ్డ సంచిలో వేసి, సీలు వేసి, సర్వేయర్ సంతకం చేయించి మాస్టారింట్లో భద్రపరిచాం. ఆ తర్వాతే రిపేరు చేయించాం. బిల్లు 92,400.

ఫిర్యాదు ఎలా రాశాం

వినియోగదారుల రక్షణ చట్టం 2019 అమల్లోకి వచ్చింది 2020 జూలైలో. ఈ కేసుకి దానివల్ల రెండు విధాలా మేలు జరిగింది.

మాస్టారు ఉండేది ఒక జిల్లా, షెడ్డు ఉన్నది కృష్ణకి అవతల. పాత 1986 చట్టం ప్రకారమైతే షెడ్డు ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో వేసుకోవాల్సి వచ్చేది. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. డెబ్బై ఏళ్లకి దగ్గరపడిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. రెండోది, ఏ కమిషన్‌లో వేయాలన్నది మనం అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాకుండా, ఆ సేవకి చెల్లించిన డబ్బుని బట్టి నిర్ణయమవుతుంది. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. చెల్లించినది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మాస్టారు చెల్లించింది 18,600, కాబట్టి ఫీజు సున్నా. గడువు, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. మేం 2024 నవంబరులో వేశాం.

నా జూనియర్ ఉత్సాహంగా 'ఉత్పత్తి బాధ్యత' (లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే పరిహారం) అధ్యాయం కింద కూడా వేద్దామన్నాడు. ఆ అధ్యాయంలో సర్వీసు చేసేవాళ్ల బాధ్యత గురించి 85వ సెక్షన్ ఉన్న మాట నిజమే. కానీ అక్కడ 'హాని' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం చదివితే, వస్తువుకే జరిగిన నష్టాన్నీ, కేవలం ఆర్థిక నష్టాన్నీ బయట పెట్టేశారు. మనిషికి దెబ్బ తగిలి ఉంటే అది వేరే కథ. ఇక్కడ దెబ్బతిన్నది ఇంజనూ, మాస్టారి పర్సూ. అందుకని మామూలు దారిలోనే వెళ్లాం: ఒకటి సేవలో లోపం, రెండు మార్చని సామానుకి బిల్లు వేయడం అనే అనుచిత వ్యాపార పద్ధతి. రెండో ఆరోపణకి మళ్లీ ఇంజనీరు అవసరం లేదు. బిల్లు, 2015 అచ్చు, వాయిస్ మెసేజ్ పక్కపక్కన పెడితే చాలు.

వాయిస్ మెసేజ్ కోసం కొంచెం కష్టపడ్డాం. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఒక భాగం ఫోన్ ఉన్న మనిషి, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపించే గుర్తు సంఖ్య, కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పాటించాల్సిన పని లేదు, చాలామంది ఒట్టి స్క్రీన్‌షాట్లు పెట్టి నడిపించేస్తారు. నేను రిస్కు తీసుకోలేదు. మాస్టారికి మాత్రం ఒకటి గట్టిగా చెప్పాను: ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి, మీ అబ్బాయి కొత్త ఫోన్ కొనిస్తానన్నా సరే.

వాళ్ల వాదన

నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులు ఇస్తుంది. ఆ పైన ఒక్క రోజు కూడా కుదరదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం హిల్లీ కోల్డ్ స్టోరేజ్ కేసులో తేల్చింది. షెడ్డు తరఫు లాయరు 41వ రోజున జవాబు వేశాడు, పొడిగింపు పిటిషన్‌తో సహా.

అందులో ఐదు వాదనలున్నాయి. కిట్ మొత్తం మార్చాం. బెల్టు తయారీలోనే లోపం ఉంది కాబట్టి బెల్టు కంపెనీని కూడా పార్టీగా చేర్చాలి. బండిని ఏలూరులో ఎవరో విప్పారు, మాకు అవకాశం ఇవ్వలేదు. బిల్లు వెనక "పని పూర్తయ్యాక ఎలాంటి బాధ్యత లేదు" అని అచ్చేసి ఉంది. మాస్టారు బండిని అద్దెకి తిప్పుతున్నారు కాబట్టి ఆయన అసలు వినియోగదారుడే కాదు.

ఆ చివరిదానికి మాస్టారికి బాగా కోపం వచ్చింది. "నేను టాక్సీ తోలానా!" అని ఆఫీసులో లేచి నిలబడ్డారు. ఆధారం ఏమీ లేకుండా చల్లే బురద అది. వ్యాపార అవసరం కోసం వాడారని నిరూపించాల్సింది ఆ మాట అన్నవాళ్లేనని 2024 మేలో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా సొంతంగా బతుకుతెరువు కోసం టాక్సీ నడుపుకునేవాడు కూడా వినియోగదారుడేనని చట్టంలోనే వివరణ ఉంది. అయినా మేం ఆర్‌సీ, పాలసీ పెట్టాం. రెండిట్లోనూ సొంత వాడకం బండి అనే ఉంది.

బెల్టు కంపెనీ సంగతి కొంచెం ఆలోచించాల్సినదే. నిజంగా బెల్టు లోపమైతే షెడ్డువాడు తప్పించుకునేవాడు. ఇక్కడ సర్వేయర్ రిపోర్టు అక్కరకొచ్చింది. బెల్టే నాసిరకమైతే అరుగుదల బెల్టంతా ఉండాలి, ఒక్క అంచున ఉండదు. ఒక వైపే పీచు లేవడం అంటే పుల్లీ ఊగి బెల్టుని పక్కకి నెట్టిందన్నమాట. ఎదుటి లాయరు సర్వేయర్‌కి రాతపూర్వకంగా ప్రశ్నలు పంపాడు. "మీరు మెకానికల్ ఇంజనీరా?" అనేది మొదటిది. ఆయన డిప్లొమా సర్టిఫికెట్ జత చేసి, "ఫోటో నంబరు 14లో పుల్లీ అంచు చూడండి" అని జవాబు రాశాడు.

బిల్లు వెనక అచ్చేసిన నిబంధన గురించి నేను ఎక్కువ వాదించలేదు. బాధ్యత లేదని ముందే అచ్చేసుకుంటే బాధ్యత పోయేటట్లయితే ఈ చట్టమే అక్కర్లేదు. పైగా ఆ నిబంధన కింద మాస్టారి సంతకం లేదు.

కిట్ మొత్తం మార్చామన్న వాదన దగ్గర వాళ్లు తమ గోతిలో తామే పడ్డారు. కమిషన్ సభ్యురాలు ఒక ప్రశ్న అడిగారు: కిట్ ఎక్కడ కొన్నారు, ఆ కొనుగోలు బిల్లు ఏది? షెడ్డు జీఎస్టీ కడుతోంది కాబట్టి కొనుగోలు బిల్లు ఉండాలి. రెండు వాయిదాలు తీసుకున్నారు. మూడో వాయిదాకి ఒక బిల్లు తెచ్చారు. దాని మీద ఉన్నది బెల్టు ఒక్కటే. నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు.

మధ్యలో కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. ఇరవై వేలు ఇస్తామన్నారు. యాభై అయినా ఇచ్చుంటే ఒప్పుకోమని నేను మాస్టారికి చెప్పేవాణ్ని, నిజం చెప్తున్నాను. ఇరవైకి ఆయన లేచి వచ్చేశారు.

ఆర్డరు

చట్టం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చెబుతుంది. మాకు దాదాపు పదకొండు నెలలు పట్టింది. నా అనుభవంలో అది త్వరగా అయినట్టే.

సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి రెండూ రుజువయ్యాయన్నారు. డబ్బు దగ్గర మాత్రం మేం అడిగినదంతా రాలేదు, రాకపోవడం సబబే. రెండో రిపేరు బిల్లు 92,400లో ఇంజన్ ఎలాగూ కిందికి దించారు కదా అని మాస్టారు వేయించుకున్న క్లచ్ ప్లేటు ఖర్చు 14,200 ఉంది. దాన్ని నేను విడదీయకుండా మొత్తం అడిగాను. అది నా పొరపాటు. ఎదుటి లాయరు ఆ లైను చదివి వినిపించినప్పుడు కొంచెం సిగ్గుగానే అనిపించింది. కమిషన్ అది తీసేసి 78,200 ఇచ్చింది. మొదటి కిట్ ధర 11,200 వేరుగా వెనక్కి ఇప్పించమన్నాం. రెండో బిల్లులో కొత్త కిట్ ధర ఎలాగూ ఉంది, రెండూ ఇస్తే రెండుసార్లు ఇచ్చినట్టవుతుందని కాదన్నారు. రికవరీ వ్యాను 4,500, సర్వేయర్ ఫీజు 4,000 ఇచ్చారు, రెండిటికీ రసీదులున్నాయి. ఆ నెల రోజులూ తిరిగిన ఆటోలు, కార్లు, షెడ్డు అద్దె ఏవీ రాలేదు, కాగితం లేదు కాబట్టి. మానసిక వేదనకి రెండు లక్షలు అడిగితే 15,000 ఇచ్చారు. ఖర్చులకి 5,000. మొత్తం 1,06,700. అందులో అసలు నష్టం 86,700 మీద ఫిర్యాదు వేసిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ. 45 రోజుల్లో చెల్లించాలి.

మాస్టారు ఆర్డర్ని రెండుసార్లు చదివి, "మానసిక వేదన పదిహేను వేలేనా?" అన్నారు. హైవే మధ్యలో, పసిపిల్లాడు ఒళ్లో ఉండగా బండి ఆగిన మనిషికి ఆ అంకె చిన్నదే. కానీ ఈ పద్దు కింద భారీ మొత్తాలు వస్తాయని నేను కక్షిదారులకి ఎప్పుడూ ఆశ పెట్టను. రసీదు ఉన్న రూపాయి వస్తుంది, రసీదు లేని బాధకి ఏదో కొంత వస్తుంది.

షెడ్డు వాళ్లు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్తారనుకున్నాను. దానికీ 45 రోజులే గడువు, పైగా ఆర్డరు మొత్తంలో సగం ముందే కట్టాలి. అక్కడ ఆగిపోయారు. గడువు దాటినా డబ్బు రాకపోతే 71వ సెక్షన్ కింద అమలు పిటిషన్, 72 కింద శిక్ష కోరుతూ ఇంకోటి సిద్ధం చేశాం. 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. 71 కింద వేశాం. రెండోది వేయకముందే షెడ్డు యజమాని మా ఆఫీసుకి వచ్చాడు.

అతన్ని చూడటం నాకు అదే మొదటిసారి. మోసగాడిలా లేడు. పని ఎక్కువై కుర్రాళ్ల మీద వదిలేసిన మనిషిలా ఉన్నాడు. కిట్ అని కంప్యూటర్లో ఒకే ఐటమ్ ఉంది, బిల్లు కొట్టే అమ్మాయి అది నొక్కింది అన్నాడు. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ మాట మొదటి జవాబులో చెప్పి, తేడా డబ్బు వెనక్కిచ్చి, రిపేరులో సగం పెట్టుకుంటానని ఉంటే కేసు అక్కడే ముగిసేది. దాని బదులు మాస్టారిని టాక్సీవాడని రాయించాడు. ఆ సంగతి అడిగితే, "లాయరు రాశాడు సార్" అన్నాడు.

రెండు వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆర్డరు తర్వాతి కాలానికి వడ్డీ మేం వదిలేశాం. మాస్టారు దానికి వెంటనే ఒప్పుకున్నారు, నేనే కాస్త తటపటాయించాను.

ఈ కేసు నడుస్తున్నప్పుడే ఇంకొకాయన వచ్చాడు. ఆయన బండిని షెడ్డువాళ్లు బిల్లు కట్టేదాకా ఇవ్వమని ఆపేశారు, బిల్లులో తను చెప్పని పనులు ఉన్నాయి. తాళాలు లాక్కుని వచ్చేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. చేసిన పనికి కూలీ ముట్టేదాకా వస్తువుని తన దగ్గర ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పనివాడికి ఇచ్చింది. బిల్లు మీదే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టి, డబ్బు ఆన్‌లైన్‌లో కట్టి బండి తెచ్చుకోమన్నాను. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

మాస్టారి డబ్బు రెండో వాయిదా కూడా అందింది, అమలు పిటిషన్ మూయించాం. కేసులో దాఖలు చేసిన ఆ సీలు వేసిన గుడ్డ సంచి మాత్రం ఇంకా కమిషన్ రికార్డు గదిలోనే ఉంది. వెనక్కి తీసుకోవడానికి మెమో వేయాలి. మాస్టారు రెండుసార్లు గుర్తు చేశారు, ఆ టెన్షనర్ తనకి కావాలట.